వెల యెంత? విలువ యెంత?

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 15:36–41, 2 తిమోతి 4:11

క్రికెట్ ఆటగాండ్ర వేలము దగ్గరపడగానే మన దేశమున ఇంటింట ఒక వాదము లేచును. ఈ యువకుడు ఎన్ని కోట్లు పలుకును? ఇతడు తగునా, అతడు తగునా? వానికి బలము గలదు గాని నిలుకడ లేదు. వీనికి నిలుకడ గలదు గాని వేగము లేదు. సూరత్ నగరమందలి ఉధ్నాలో మరమగ్గముల పనికై తెలంగాణమునుండి వచ్చి తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల మధ్యను ఈ వాదము వినబడుచుండును. 2024లో హైదరాబాదు బిడ్డయైన మహమ్మద్ సిరాజ్‌ను గుజరాత్ టైటన్స్ జట్టు 12.25 కోట్ల రూపాయలకు కొనినప్పుడు, మనవాడు మనమున్న రాష్ట్రమునకు వచ్చెనని కొందరు సంతోషించిరి. సొంత ఊరి జట్టు వానిని ఏల కొనలేదని కొందరు కోపపడిరి. అంత వెలకు అతడు తగడని మరికొందరు తీర్పు చెప్పిరి.

ఇది కాలక్షేపపు మాటగా కనబడును. అయినను దీని అడుగున ఒక గంభీరమైన ప్రశ్న యున్నది. ఇంకను పరీక్షకు నిలువని ఒక యౌవనస్థుని భవిష్యత్తును తూచి, వెల కట్టి, తగును, తగడు అని చెప్పుట విశ్వాసికి తగునా? తగినయెడల దాని హద్దు ఎక్కడ? ఈ ప్రశ్న ఆటస్థలముతో ముగియునది కాదు. మన పాఠశాలలలో, ఉద్యోగముల యెంపికలో, పెండ్లి సంబంధములలో, సంఘ పరిచర్యకు మనుష్యులను ఏర్పరచుటలో మనము అనుదినము చేయుచున్న పని ఇదియే.

ముందుగా ఆ వేలము ఎట్లు జరుగునో చూతము. ఇండియన్ ప్రీమియర్ లీగ్ మొదటి వేలము 2008 ఫిబ్రవరిలో ముంబయిలో జరిగెను. ప్రతి జట్టు చేతను ఇంత సొమ్ము అని ఒక పరిమితి యుండును. ప్రతి ఆటగానికి ఒక కనీసపు వెల యుండును. పేరు పిలువబడును; జట్ల ప్రతినిధులు పలకలెత్తి పాట పెంచుదురు; సుత్తి దెబ్బతో బేరము ముగియును. 2024 నవంబరు 24, 25 తేదీలలో అరేబియాలోని జెద్దాలో జరిగిన వేలమునకు సిద్ధపరచిన జాబితాలో 577 పేర్లుండెను. కొనబడినవారు 182 మంది. వారికై వెచ్చించిన సొమ్ము 639.15 కోట్లు. ఒక్కనికే 27 కోట్లు పలికెను. తక్కినవారి సంగతి మరునాటి పత్రికలలో ఒక చిన్న మూలకు చేరెను.

అమెరికా దేశమున ఈ పద్ధతి మరింత పాతది. అక్కడి వృత్తి ఫుట్‌బాల్ జట్లు 1936 నుండి కళాశాల ఆటగాండ్రను వంతుల చొప్పున ఏర్పరచుకొనుచున్నవి. ఆ ఆటలో బంతిని చేతబట్టి జట్టును నడిపించువానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. వాని విషయమై జరుగు వాదము మన వేలపు వాదములకంటె తీక్ష్ణమైనది. ఎత్తును కొలుతురు, చేతి పొడవును కొలుతురు, పరుగును గడియారముతో తూతురు, బుద్ధిని ప్రశ్నలతో పరీక్షింతురు. ఇంత చేసినను ఫలితమేమి? 1936లో అందరికంటె ముందుగా ఏర్పరచబడిన జే బెర్వాంగర్ వృత్తి ఫుట్‌బాల్‌లో ఒక్క ఆటయైన ఆడలేదు. 1998లో పేటన్ మానింగ్, రయన్ లీఫ్ అను ఇద్దరిలో ఎవడు గొప్పవాడగునని నెలల తరబడి వాదించిరి. మొదటివాడు ఆ ఆట చరిత్రలో నిలిచిపోయెను. రెండవవానిని అతని జట్టు మూడేండ్లకే విడిచిపెట్టెను. 2000లో 198 మంది పేర్లు పిలువబడిన పిమ్మట పిలువబడిన టామ్ బ్రేడీ ఏడు పర్యాయములు సర్వోన్నత బహుమానమును గెలిచెను.

మన దేశమునందును ఇట్టి ఉదాహరణములకు కొదువ లేదు. జెద్దా వేలములో గుజరాతు ఆటగాడైన ఉర్విల్ పటేల్‌ను ఏ జట్టును కొనలేదు. రెండు దినములైన పిమ్మట, నవంబరు 27న, ఇండోరులో త్రిపుర జట్టుమీద అతడు 28 బంతులలో శతకము చేసెను. 2022లో కబడ్డీ వేలములో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ జట్టు 2.26 కోట్లకు కొనెను; మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి అతడు ఆ సంవత్సరమంతయు ఆడలేకపోయెను. విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డి 2023 సంవత్సరపు పోటీలకై కనీసపు వెలయైన 20 లక్షలకు కొనబడెను; మరుసటి యేటి డిసెంబరులో మెల్‌బోర్న్ మైదానమున భారతదేశము పక్షమున 114 పరుగులు చేసెను.

వీటిని చూచి, మనుష్యుల అంచనాలన్నియు వ్యర్థమని తేల్చివేయుట సులభము. అది తొందరపాటు. అంచనా వేయుట పాపము కాదు. అనేక చోట్ల అది బాధ్యత. శస్త్రచికిత్స చేయుటకు చేయి వణకని వైద్యుని ఎన్నుకొందుము. పిల్లలను పాఠశాలకు తీసికొనిపోవు బండికి జాగరూకుడైన చోదకుని వెదకుదుము. పెద్దగాను పరిచారకుడుగాను నియమింపబడువానికి ఎట్టి గుణములుండవలెనో తిమోతి పత్రిక వివరముగా చెప్పుచున్నది. పరిచారకులు మొదట పరీక్షింపబడవలెనని కూడ విధించుచున్నది. కొండమీది ప్రసంగములో తీర్పు తీర్చకుడని చెప్పిన ప్రభువే, అదే అధ్యాయములో ఫలములనుబట్టి చెట్టును తెలిసికొనుడని బోధించెను. కావున వివేచనము వేరు, తీర్పు వేరు. ఆ రెంటికిని నడుమనున్న గీత ఎక్కడనో అది తెలిసికొనవలెను.

ఉధ్నాలోని నేతపనివారు ఈ భేదమును పండితులకంటె బాగుగా ఎరుగుదురు. మగ్గము దిగిన బట్ట తాకాను పరచి, పడుగు తెగినదా, పేక తప్పినదా, నూనె మరక పడినదా యని వెలుతురులో పరిశీలింతురు. దోషము కనబడినచోట వెల తగ్గించుదురు. అది న్యాయమే. అయితే వెల తగ్గినది బట్టకు. ఆ దోషము చూపి, నేసినవాడు పనికిమాలినవాడని, వాని బిడ్డలు పనికిమాలినవారని ఎవడైన పలికినయెడల, అది పరిశీలన కాదు, అవమానము. వివేచనము పనిని తూచును. తీర్పు మనుష్యుని తూచును.

మన భాషలో ఈ రెంటిని కలగలిపిన మాట యొకటి యున్నది. అది తలాంతు. గ్రీకు భాషలో తలాంతొన్ అనగా ఒక తూనిక. ఆ తూనిక గల వెండి. ఒక తలాంతు దాదాపు ఆరువేల దేనారములు, అనగా దినకూలివాని ఇరువదియేండ్ల సంపాదన. మత్తయి సువార్త 25వ అధ్యాయములోని ఉపమానము వలన ఆ మాటకు కాలక్రమమున సహజమైన నేర్పు అను అర్థము వచ్చెను. ఇంగ్లీషులోని ట్యాలెంటు అను మాటయు అట్లే పుట్టెను. కాని మూలమును శ్రద్ధగా చదువుడి. యజమానుడు ఎవని సామర్థ్యము చొప్పున వానికి తలాంతులిచ్చెనని అక్కడ వ్రాయబడియున్నది. సామర్థ్యము ఒకటి, తలాంతు వేరొకటి. సామర్థ్యము దాసునిలో నున్నది; తలాంతు యజమానునిది, దాసునియొద్ద ఉంచబడిన సొత్తు. యజమానుడు దాసులను తూచి వెల కట్టలేదు. తన సొత్తును వారికి నమ్మి అప్పగించెను. నేటి వేలము దీనిని తలక్రిందులు చేయుచున్నది. నీయందున్న నేర్పే నీ తూనిక, ఆ తూనికయే నీవు అని అది యౌవనస్థునితో చెప్పుచున్నది.

మనుష్యునికి వెల కట్టు అధ్యాయమొకటి బైబిలులోనే కలదు. లేవీయకాండము 27వ అధ్యాయములో, మ్రొక్కుబడి చేసికొనినవారు చెల్లింపవలసిన వెల నిర్ణయింపబడెను. ఇరువదియేండ్లు మొదలుకొని అరువదియేండ్ల వరకు గల పురుషునికి ఏబది తులముల వెండి. అది వయస్సునుబట్టియు స్త్రీ పురుష భేదమునుబట్టియు నున్న వెల యని ఒప్పుకొనవలెను. అయినను ఆ పట్టికలో లేనిదేమో గమనింపుడి. అందులో నేర్పు లేదు, అందము లేదు, వంశము లేదు. సేనాధిపతికిని కట్టెలు కొట్టువానికిని అదే ఏబది తులములు. చెల్లింపలేని బీదవానికి, వాని కలిమి చొప్పున యాజకుడు వెల తగ్గింపవలెను. నిర్గమకాండము 30వ అధ్యాయములో ప్రాణ పరిక్రయ ధనము అర తులము; ధనవంతుడు ఎక్కువ ఇయ్యకూడదు, బీదవాడు తక్కువ ఇయ్యకూడదు. దేవుని సన్నిధిని లెక్కింపబడునప్పుడు పాట పెరుగదు. పాట పెరుగు చోటులు వేరే యున్నవి: యోసేపును అన్నలు ఇరువది తులములకు అమ్మిరి, ప్రభువును శిష్యుడు ముప్పది వెండి నాణెములకు అమ్మెను. ఆ రెండు బేరములలోను వెల కట్టినవారు తాము అమ్మినది ఎవరినో ఎరుగరు.

ఇప్పుడు మన ధ్యానభాగమునకు వచ్చుదము. ఒక యౌవనస్థుని తగినవాడా, కాడా యని ఇద్దరు పరిశుద్ధులు వాదించిన సంగతి అందులో నున్నది. మార్కు అనబడిన యోహాను, పౌలు బర్నబాల మొదటి ప్రయాణములో వారితో కూడ వెళ్లి, పంఫూలియలోని పెర్గేలో వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. ఎందుచేతనో లూకా చెప్పలేదు. రెండవ ప్రయాణమునకు సిద్ధపడునప్పుడు బర్నబా వానిని మరల తీసికొనిపోవలెనని కోరెను, పౌలు ఒప్పుకొనలేదు. ఇక్కడ లూకా వాడిన గ్రీకు క్రియకు మూలము ఆక్సియోస్ అను మాట. తగిన, యోగ్యమైన అని దాని భావము. త్రాసులో బరువుకు సరితూగుట అను తలంపు దానిలో దాగియున్నది. పౌలు మార్కును త్రాసులో వేసెను. తూగలేదు. వాదము ఎంత తీవ్రమాయెననగా, ఒకే పాత్రలో త్రాగిన ఇద్దరు స్నేహితులు వేరైపోయిరి.

పౌలు పొరపడెనా? లూకా ఏ పక్షమునను మాట చెప్పలేదు, మనమును తొందరపడకూడదు. మొదటి ప్రయాణములో లుస్త్రలో పౌలు రాళ్లతో కొట్టబడి, చచ్చెననుకొని ఊరి వెలుపలికి ఈడ్వబడెను. అట్టి దారిలో నడుమ విడిచిపోవు తోడు మిగిలినవారి ప్రాణమునకే అపాయము. ఆ ప్రయాణమునకు వీడు తగడు అని పౌలు చెప్పినది వివేచనమే కావచ్చును. అయితే బర్నబా చూచినది ప్రయాణమును కాదు, మార్కును. ఆదరణ పుత్రుడని అర్థమిచ్చు పేరు పొందిన ఈ బర్నబా ఇట్టి పనికి క్రొత్తవాడు కాడు. సౌలు క్రొత్తగా శిష్యుడై యెరూషలేమునకు వచ్చినప్పుడు, అందరును వానిని నమ్మక భయపడుచుండగా, చేయి పట్టుకొని అపొస్తలులయొద్దకు తోడుకొనిపోయినవాడు ఇతడే. మార్కును కాదన్న పౌలు, ఒకనాడు తానే ఎవరును పలుకని పేరుగా నుండెను. నాడు వాని పక్షమున నిలిచిన చేయి నేడు మార్కు పక్షమున నిలిచెను.

బర్నబా చేసినదేమి? మార్కు గొప్పవాడగునని జోస్యము చెప్పి కూర్చుండలేదు. వానిని వెంటబెట్టుకొని ఓడ యెక్కి కుప్రకు వెళ్లెను. వేలమునకును పరిచర్యకును గల భేదము ఇక్కడ స్పష్టమగుచున్నది. వేలములో వెల చెప్పువాడు బల్లయొద్ద కూర్చుండును. ఆడువాడు ఎండలో నిలుచును. అంచనా తప్పినయెడల వాదించినవాడు మరుసటి యేడు మరియొకని గూర్చి వాదించును. తప్పిన అంచనా బరువంతయు ఆ యౌవనస్థుడే మోయును. బర్నబా తన అంచనాకు తన కాళ్లతో వెల చెల్లించెను. ఒకనిగూర్చి మాటలాడు హక్కు వానితో నడచువానికే సంపూర్ణముగా గలదు.

పౌలునకును చెందవలసిన మెప్పు కలదు. అనేక సంవత్సరములైన పిమ్మట, కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో, మార్కు వచ్చినయెడల చేర్చుకొనుడని వ్రాసెను. చెరసాలలో అంతము సమీపించినప్పుడు, మార్కును వెంటబెట్టుకొని రమ్మని తిమోతిని కోరెను. అతడు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని సాక్ష్యమిచ్చెను. త్రాసులో తూగలేదన్న నోటనే ఈ మాట వచ్చెను. ఆదిసంఘ సంప్రదాయము మార్కు పేతురునకు అనువాదకుడుగా నుండెననియు, రెండవ సువార్తను రచించెననియు చెప్పుచున్నది. పౌలు పెర్గేనాటి వెలనే నిత్యమైన వెలగా ఉంచినయెడల, నష్టపోయినవాడు పౌలే. న్యాయమైన అంచనాకు గురుతు అది ఎన్నడును తప్పిపోకుండుట కాదు. కాలము క్రొత్త సాక్ష్యమును తెచ్చినప్పుడు తలుపు తెరచియుండుట. తెరువబడని అంచనాయే తీర్పు.

ఈ సత్యమును మన యిండ్లలోనికి తీసికొనిపోవుదము. ఉధ్నాలో మగ్గము దగ్గర పండ్రెండు గంటలు నిలుచు తండ్రి, తన కుమారుని చేతిలో నేర్పు చూచి, కూడబెట్టిన సొమ్ముతో మంచి బ్యాటు కొనును, శిక్షణకు పంపును. అది ప్రేమయే. కాని కొందరు పదియవ తరగతి పూర్తి కాకమునుపే చదువు మాన్పించి, మా వాడు సిరాజ్ వలె అగును అందురు. సిరాజ్ తండ్రి ఆటో నడిపి కుమారుని పెంచెను. 2017లో ఆ కుమారుని 20 లక్షల కనీసపు వెల 2.6 కోట్లకు పెరిగెను. ఇది నిజము. దేశమంతట వేలకొలది తండ్రులు అంతే ప్రేమతో శ్రమించిరి. వారి కుమారుల పేర్లు ఏ వేలమందును పిలువబడలేదు. ఇదియు నిజము. ఒక్క ఫలితమును చూపి బిడ్డ జీవితమంతయు పందెముగా ఒడ్డుట విశ్వాసము కాదు.

అంతకంటె కఠినమైన ప్రశ్న ఆ తరువాత వచ్చును. ఏర్పాటులో పేరు రాక, పందొమ్మిదేండ్ల వయస్సున తిరిగి మగ్గము దగ్గర నిలిచిన యౌవనస్థుని మనము ఏమని పిలుచుచున్నాము? నిన్నటి వరకు వానినిగూర్చి గర్వముగా చెప్పుకొనిన బంధువులు నేడు వానిని చూచి జాలిగా నవ్వుదురు. ఇంటిలోనివారు ఖర్చును లెక్కించి చూపుదురు. ఆ బిడ్డ ఆదివారము ఆరాధనకు వచ్చుట మానును. వచ్చినను వెనుక వరుసలో కూర్చుండి ముగింపు ప్రార్థనకు ముందే వెళ్లిపోవును. వాని వెల పడిపోయెనని లోకము చెప్పెను. మనము దానికి ఆమేన్ అంటిమి. పెండ్లి మాటలలో వరుని చదువునకు ఇంత, ఉద్యోగమునకు ఇంత అని కట్నము నిర్ణయించు ఇండ్లు క్రైస్తవ సమాజములోను కలవు. అట్టి యింట కూర్చుండి ఆటగాండ్ర వేలమును విమర్శించుటకు మనకు నోరెక్కడిది?

ద్రాక్షతోట ఉపమానములో సాయంకాలమున సంతవీధిలో నిలిచినవారిని యజమానుడు అడిగెను, మీరు దినమంతయు ఇక్కడ ఏల నిలిచితిరని. ఎవరును తమ్మును కూలికి పెట్టుకొనలేదని వారు చెప్పిరి. సూరత్ నాకాల దగ్గర తెల్లవారుజామున నిలిచి, పది గంటలకు ఎవరును పిలువక తిరిగి వెళ్లువారికి ఆ జవాబులోని చేదు తెలియును. తోట యజమానుడు వారి సామర్థ్యమును ఆరా తీయలేదు. ఎవరును పిలువనివారిని పిలిచెను. పిలిచి, ఇంటికి కావలసిన పూర్తి కూలి ఇచ్చెను. పేరు పిలువబడని చోటనే ఆయన కృప పని ప్రారంభించును.

చదువరులారా, యౌవనస్థులు ఆటనుగూర్చి వాదించుకొనుట మానవలెనని చెప్పుట లేదు. వాదింపనిండు, ఆట దేవుడిచ్చిన సంతోషములలో నొకటి. అయితే వాదించునప్పుడు మూడు సంగతులు జ్ఞాపకముంచుకొందము. మొదటిది, మనము తూచుచున్నది ఒక పనికి తగిన నేర్పునే గాని మనుష్యుని కాదు. రెండవది, నేటి అంచనా నేటిదే. రేపు క్రొత్త సాక్ష్యము వచ్చినయెడల మార్చుకొనుటకు సిగ్గుపడనక్కరలేదు. మూడవది, ఒకనిగూర్చి మాటలాడినంత సేపైనను వానితో నడువవలెను.

ఈ సంవత్సరము మన సంఘములో ఎవరి పేరు పిలువబడలేదో విచారింతము. పరీక్షలో, ఉద్యోగములో, ఆటలో, పెండ్లిమాటలో తగడని చెప్పబడినవాడు ఎవడో మన యెరుకలోనే యుండును. వాని యింటికి వెళ్లుదము. ఏమి పొరపాటు జరిగెనని అడుగుటకు కాదు. మాతో రమ్ము, పని యున్నది, నీ తోడు కావలెను అని చెప్పుటకు. కుప్రకు పోవు ఓడలో ఇంకను స్థలమున్నది.